డీటీపీ షాపులో విండోస్ 10 గడువు: రెండు డెస్క్‌టాప్‌ల కేస్ స్టడీ

చిన్న ఆఫీసుల్లో, షాపుల్లో కంప్యూటర్లు బాగుచేయడం, చూసుకోవడం నా వృత్తి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిశాక నాకు వచ్చిన కేసుల్లో దీన్ని వివరంగా రాసిపెట్టాలనిపించింది. తెలుగులో డీటీపీ చేసే షాపుల్లో ఇప్పటికీ పాత సాఫ్ట్‌వేర్, పాత ఫాంట్లు, పాత ప్రింటర్ కలిసే పనిచేస్తున్నాయి. అందులో ఒకదాన్ని కదిలిస్తే మిగతావీ కదులుతాయి. షాపును గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

షాపు, యంత్రాలు

మండల కేంద్రంలో ఒక డీటీపీ షాపు. యజమాని, ఒక అమ్మాయి ఆపరేటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, దినకర్మ కార్డులు చేస్తారు. లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ తీసి, దాంతో వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్. ముహూర్తాలు లేని రోజుల్లో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, ఫొటోలు సైజు తగ్గించడం, జిరాక్సులు.

రెండు డెస్క్‌టాప్‌లున్నాయి. ఒకటి ఇంటెల్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దీంట్లోనే. దీన్ని టైపింగ్ కంప్యూటర్ అంటాను. రెండోది ఏడో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, ఇదీ హార్డ్‌డిస్కే. మెయిల్, వాట్సాప్ వెబ్, దరఖాస్తులు దీంట్లో. ఇది నెట్ కంప్యూటర్. రెండూ విండోస్ 10 మీద నడిచేవి.

నన్ను పిలిచేనాటికి

"తమ్ముడూ, శుభలేఖలన్నీ ఇంగ్లీషు గీతలైపోయాయి, లోపలున్న పనంతా పోయినట్టేనా?" అని షాపు యజమాని ఫోన్. ముహూర్తాల సీజన్. ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

జరిగింది ఇది. విండోస్ 10 సపోర్ట్ అయిపోయిందన్న నోటీసు స్క్రీన్ నిండా వచ్చింది. ఇక కంప్యూటర్ ఆగిపోతుందనుకున్నారు. తెలిసిన ఒకాయన పెన్‌డ్రైవ్‌తో వచ్చి, టీపీఎం (విండోస్ 11 తప్పనిసరిగా అడిగే భద్రతా చిప్) తనిఖీ దాటేసేలా తయారుచేసిన సెటప్‌తో టైపింగ్ కంప్యూటర్‌లో విండోస్ 11 వేశారు. సాయం చేద్దామనే వేశారు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ బూట్ అవ్వాలంటే ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఉండాలి. నాలుగో తరం ప్రాసెసర్‌లో అవి ఉన్నాయి కాబట్టి బూట్ అయింది. కానీ సీ డ్రైవ్‌లో ఉన్న టైపింగ్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్ ఏవీ లేవు. డీ డ్రైవ్‌లో ఏళ్ల తరబడి దాచిన పీఎండీ ఫైళ్లు, అంటే పేజ్‌మేకర్ ఫైళ్లు, ఉన్నాయి, తెరిస్తే అర్థంకాని రోమన్ గుర్తులు.

ఆ గుర్తులు ఎందుకొచ్చాయో యజమానికి ముందు ఫోన్‌లోనే చెప్పాను, ఎందుకంటే భయం తగ్గకపోతే నేను వెళ్లేలోపు ఇంకెవరితోనో ఫార్మాట్ చేయిస్తారు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే కూర్చుంటాయి. తలకట్టు ఒక కీ, గుడి ఒక కీ, ఒత్తు ఇంకో కీ. ఫైలులో ఉండేది ఆ కోడ్‌లే. వాటిని తెలుగుగా చూపేది ఫాంట్. ఫాంట్ లేకపోతే కోడ్‌లు తమ అసలు రూపంలో, అంటే రోమన్ అక్షరాల్లా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. "అన్నా, ఏదీ సేవ్ చేయకండి, కంప్యూటర్ ఆపేసి ఉంచండి" అన్నాను. ఫాంట్ లేని చోట పేజ్‌మేకర్ వేరే ఫాంట్ పెడతానని అడుగుతుంది. దానికి సరేనని సేవ్ చేస్తే ఏ లైనుకు ఏ ఫాంట్ ఉండేదో ఆ సమాచారం పోయే ప్రమాదం ఉంది.

మొదటి నిర్ణయం: బాగుచేయడం కంటే ముందు కాపీ

షాపుకి వెళ్లాక ఆపరేటర్ అడిగింది, ముందు ఫాంట్లు వేసేస్తే సాయంత్రానికి రెండు కార్డులు ఇవ్వొచ్చు కదా సార్ అని. న్యాయమైన ప్రశ్నే. అయినా నేను ముందు డిస్క్ కాపీకే కూర్చున్నాను. కారణం, విండోస్ 11 వేసినాయన సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయలేదు. అలా వేసినప్పుడు పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. సెట్టింగ్స్‌లో "గో బ్యాక్" బటన్ పనిచేయదు, అది పాత విండోస్ లోపల్నుంచి అప్‌గ్రేడ్ చేసినవాళ్లకే. కానీ ఆ ఫోల్డర్లో పాత ఫాంట్లన్నీ ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత మామూలుగా పది రోజులకి విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. ఎప్పుడు ఖాళీ చేస్తుందోనన్న అనుమానంతో పని మొదలుపెట్టడం నాకిష్టం లేదు. పైగా అది వయసైపోయిన హార్డ్‌డిస్క్. ఇన్‌స్టాల్‌లు, రీస్టార్ట్‌లు దాని మీద చేయడం అంటే ఉన్న ఒక్క కాపీతో ఆడుకోవడమే.

డిస్క్ తీసి నా యంత్రానికి తగిలించి పూర్తి ఇమేజ్, అంటే డిస్క్ మొత్తం యథాతథంగా కాపీ, తీశాను. అందులోంచి డీ డ్రైవ్, విండోస్.ఓల్డ్‌లోని ఫాంట్స్ ఫోల్డర్, టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ విడిగా తీసి ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టాను. ప్రోగ్రామ్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసి వేరేచోట పెడితే సాఫ్ట్‌వేర్ నడవదు, దాని నమోదులు రిజిస్ట్రీలో ఉంటాయి. అయినా అందులోని కీబోర్డు సెట్టింగులు, ఆపరేటర్ సొంతంగా చేసుకున్న షార్ట్‌కట్‌లు పనికొస్తాయని ఉంచాను. పనికొచ్చాయి కూడా. సాఫ్ట్‌వేర్ కొన్నప్పటి సీడీ, రిజిస్ట్రేషన్ కీ రాసిన కాగితం యజమాని బిల్లుల ఫైలులో దొరికాయి. ఆ కాగితం లేకపోతే ఈ కేసు వేరేలా నడిచేది.

ప్రయత్నించి వదిలేసినవి

విండోస్ 11 మీదే నిలబెట్టగలమా అని మొదట చూశాను, ఎందుకంటే వేసింది వేసేశారు, యజమాని మనసులో అదే కొత్తది. ఫాంట్లు వేయగానే ఫైళ్లలో తెలుగు తిరిగొచ్చింది. షాపులో అందరికీ ఊపిరి అందింది. కానీ టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ సరిగ్గా కుదరలేదు. కంపాటబిలిటీ మోడ్‌లో, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే టైపు అవుతోంది, వేగంగా కొట్టినప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతున్నాయి. శుభలేఖలో ఒత్తు జారితే పెళ్లికొడుకు పేరు మారిపోతుంది. అది ఒప్పుకోదగ్గ లోపం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొనే దారి ఉంది. కానీ అది కొనమనే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ఏ పనీ చేయకపోయినా డిస్క్ వందశాతం దగ్గర, మెమరీ దాదాపు నిండిపోయి ఉన్నాయి. విండోస్ 11కి కనీస ర్యామ్ 4 జీబీ అని కాగితం మీద ఉంది కానీ, హార్డ్‌డిస్క్ మీద 4 జీబీతో అది పని చేయనివ్వదు.

ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసినా ఇంకో చిక్కు ఉంది. విండోస్ 11కి ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0, యూఈఎఫ్ఐ సెక్యూర్ బూట్ (బూట్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే అనుమతించే రక్షణ) కావాలి. వీటిని దాటేసి వేసిన యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు, ప్రతిసారీ ఎవరో ఒకరు చేత్తో వేయాలి. అప్‌డేట్లు ఆగిపోతాయన్న భయంతో మారి, అప్‌డేట్లకు హామీ లేని చోటికే చేరడంలో అర్థం కనిపించలేదు. నెట్ కంప్యూటర్ గురించి కూడా యజమాని అడిగారు. దాని బయోస్‌లో పీటీటీ (ఇంటెల్ ఇచ్చే టీపీఎం సదుపాయం) ఆన్ చేస్తే టీపీఎం 2.0 కనిపిస్తుంది. అంతమాత్రాన అర్హత రాదు, ఏడో తరం ప్రాసెసర్ జాబితాలో లేదు. చాలామంది టీపీఎం దగ్గరే ఆగి, ప్రాసెసర్ జాబితా చూడరు.

తర్వాత లినక్స్, అంటే విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. నేను వాడేదీ, నమ్మేదీ అదే కాబట్టి ఇక్కడ నా ఇష్టం నా లెక్కను మార్చకుండా జాగ్రత్తపడ్డాను. నా దగ్గరున్న యంత్రంలో లినక్స్ మింట్ 22 (లినక్స్‌లో ఒక రకం) మీద వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా పేజ్‌మేకర్ నడిపి చూశాను. తెరుచుకుంది, పాత ఫైళ్లు చూపించింది. టైపింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో కీబోర్డుకీ ప్రోగ్రామ్‌కీ మధ్య కూర్చుని ప్రతి కీనీ పట్టుకుని మారుస్తుంది. వైన్‌లో ఆ పట్టు దానికి దొరకలేదు. లినక్స్ లోపల వర్చువల్ మెషిన్ పెట్టి అందులో విండోస్ నడపడం బాగా పనిచేసే పద్ధతే, కానీ నాలుగో తరం ఐ3 మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు మోయించి ఆపరేటర్‌ని రోజంతా కూర్చోబెట్టలేను.

మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఈఎస్‌యూ, అంటే పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకం కూడా లెక్కలోకి తీసుకున్నాం. మామూలు వినియోగదారులకు అది 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరాలి. సెట్టింగ్స్‌ను ఆ అకౌంట్‌కి సింక్ చేస్తే ఉచితం, లేదంటే రివార్డ్స్ పాయింట్లు వెయ్యి, అదీ కాదంటే 30 డాలర్లు. కంపెనీ డొమైన్‌లో చేరిన యంత్రాలకు ఈ దారి లేదు, ఇక్కడి రెండింటికీ ఉంది. దీన్ని నేను గడువుగానే చూశాను. ఆ గడువు ఏ కంప్యూటర్‌కి అవసరం అన్నదే అసలు ప్రశ్న.

దారి తెలిసింది ఎక్కడ

యజమాని కొత్త కంప్యూటర్ ఒకటి కొనేద్దామా అన్నారు. నేను ఆపరేటర్ పక్కన కూర్చుని మామూలు పనిదినంలో ఏ పని ఏ యంత్రంలో జరుగుతోందో రాసుకున్నాను. టైపింగ్ కంప్యూటర్‌కి ఇంటర్‌నెట్ ఎందుకు కావాలి అంటే జవాబు రాలేదు. కేబుల్ ఉంది కాబట్టి ఉంది. వాట్సాప్‌లో వచ్చిన మేటర్ నెట్ కంప్యూటర్‌లో చూసి, కాగితం మీద ప్రింట్ తీసుకుని, ఇటు టైపు చేస్తోంది. మరోవైపు నెట్ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఎప్పుడూ తెరవలేదు. అంటే పాత సాఫ్ట్‌వేర్‌కి కట్టుబడిన పనులకు నెట్ అక్కర్లేదు, నెట్ కావాల్సిన పనులకు పాత సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అప్‌డేట్లు ఆగిన ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉన్న పెద్ద ప్రమాదం బయటి ప్రపంచంతో సంబంధంలో ఉంది. ఆ సంబంధం తెంపేస్తే విండోస్ 10 నిన్న ఎలా పనిచేసిందో రేపూ అలాగే పనిచేస్తుంది.

టైపింగ్ కంప్యూటర్‌కి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ 10 22హెచ్2 తాజాగా వేశాను. కేబుల్ లేకుండా సెటప్ నడిపితే లోకల్ అకౌంట్‌తోనే పని కానిస్తుంది. తర్వాత ఒక్కసారి నెట్ తగిలించాను. మదర్‌బోర్డు మారలేదు కాబట్టి పాత డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది, 2025 అక్టోబర్ వరకు వచ్చిన అప్‌డేట్లన్నీ దిగాయి. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ కూడా అప్పుడే దింపాను. విండోస్ 10 తనతోపాటు నిర్మలా యూఐ ఇస్తుంది కానీ, గౌతమి, వాణి ఫాంట్లు కావాలంటే ఇలా అడిగి తెచ్చుకోవాలి. పాత వర్డ్ ఫైళ్లు కొన్ని గౌతమిలో ఉన్నాయి. అంతా అయ్యాక కేబుల్ తీసేసి, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిసేబుల్ చేశాను. ఎవరైనా పొరపాటున వైరు పెట్టినా పనిచేయకూడదని. బయోస్ బ్యాటరీ కూడా మార్చాను. నెట్ లేని యంత్రం సమయాన్ని బయటినుంచి సరిచేసుకోలేదు. తేదీ తప్పితే ఫైళ్ల వరుస గందరగోళమవుతుంది.

అసలు ప్రమాదం పెన్‌డ్రైవ్. డీటీపీ షాపుల్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ తెలియనివాళ్లు లేరు. నెట్ తీసేసినా కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ తిన్నగా ఇందులో పెడితే చేసిందంతా వృథా. అందుకని ఒక నియమం పెట్టాం. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా నెట్ కంప్యూటర్‌లోనే పెట్టాలి. అక్కడి నుంచి షాపు సొంత పెన్‌డ్రైవ్ ఒకటి, ఎర్ర టేపు చుట్టినది, ఇటు వస్తుంది. మరేదీ రాదు. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తులు అప్‌డేట్ చేసే ఫైల్‌ని మైక్రోసాఫ్ట్ విడిగా కూడా ఇస్తుంది. నెలకోసారి దాన్ని నెట్ కంప్యూటర్‌లో దింపి, అదే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడుపుతున్నారు. విండోస్ 10కి ఈ డిఫెండర్ అప్‌డేట్లు 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

నెట్ కంప్యూటర్, ఆపరేటర్

ఈ యంత్రం విషయంలో తొందర పెట్టలేదు. ముందు ఈఎస్‌యూలో చేర్చాను, అంటే 2026 అక్టోబర్ దాకా విండోస్ 10 భద్రంగానే ఉంటుంది. ఆ వ్యవధిలో ఆపరేటర్‌కి లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి అలవాటు చేయించాను. ఇన్‌స్టాల్ చేసి "ఇక ఇదే" అంటే మనిషి బిగుసుకుపోతుంది. లైవ్‌లో ఉన్నప్పుడు నచ్చకపోతే రీస్టార్ట్ చేస్తే చాలు, పాత విండోస్ తిరిగొస్తుందన్న ధైర్యం ఉంటుంది.

బ్రౌజర్ పనులు ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. దరఖాస్తులకి ఫొటోని 50 కేబీ లోపు తగ్గించడం గింప్‌లో నేర్చుకుంది. చిక్కల్లా ప్రింటర్‌తో వచ్చింది. వాళ్ల లేజర్ ప్రింటర్ పేజీని తనంతట తాను అర్థం చేసుకునే రకం కాదు. బొమ్మంతా కంప్యూటరే తయారుచేసి పంపాలి. పైగా స్విచ్ వేసిన ప్రతిసారీ దాని ఫర్మ్‌వేర్ కూడా కంప్యూటరే ఎక్కించాలి. మింట్ ప్రింటర్‌ని గుర్తించింది, పని పంపితే తీసుకుంది, కాగితం మాత్రం కదల్లేదు. తయారీదారు ఇచ్చే అదనపు ప్లగిన్ వేశాక ఫర్మ్‌వేర్ వెళ్లింది, కాగితం వచ్చింది. కరెంటు పోయి వచ్చినా సరిగా అందుకుంటోందా అని స్విచ్ ఆపి వేసి చూశాకే నమ్మకం కుదిరింది. మన దగ్గర అది చూడకుండా ప్రింటర్ పని అయిపోయిందనలేం.

ఆపరేటర్‌ని నిజంగా లినక్స్ వైపు తిప్పింది మాత్రం ఇంకో సంగతి. ఇప్పుడు కస్టమర్లు మేటర్‌ని వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగు కోడ్‌లో, పంపుతున్నారు. దాన్ని కాపీ చేసి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరుస వస్తుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అది యూనికోడ్ ఎరగదు. అందుకే కస్టమర్ టైపు చేసినదాన్ని ఈ అమ్మాయి మళ్లీ మొదటినుంచి టైపు చేస్తోంది. మింట్‌లో లిబ్రే ఆఫీస్ తెరిచి అదే మేటర్ పేస్ట్ చేసి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర పెట్టి చూపించాను. "సార్, మళ్లీ కొట్టక్కర్లేదా?" అంది. ఆ తర్వాత మండలి, సురవరం, ఎన్టీఆర్ ఫాంట్లు తనే దింపుకుంది.

టైపింగ్ అలవాటు గురించి నాకు బెంగ ఉండేది. ఆమె వేళ్లకు యాపిల్ కీబోర్డు లేఅవుట్ (తెలుగు డీటీపీలో వాడే ఒక అక్షరాల అమరిక) తప్ప తెలియదు. మింట్‌లో కీబోర్డు భాషలు మార్చే ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చితే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతోపాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది. కొన్ని కీల దగ్గర తడబడింది కానీ, కొత్తగా టైపింగ్ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. విండోస్‌లోనే ఉండాలనుకునేవాళ్లకి ఈ వెసులుబాటు తక్కువ. అక్కడ ఇన్‌స్క్రిప్ట్, 2019 మే అప్‌డేట్‌తో వచ్చిన ఫొనెటిక్ కీబోర్డు ఉంటాయి.

చివరికి నెట్ కంప్యూటర్‌లో కొత్త ఎస్ఎస్‌డీ వేసి దాంట్లో మింట్ పెట్టాను. విండోస్ 10 ఉన్న పాత హార్డ్‌డిస్క్‌ని లోపలే ఉంచాను. బూట్ అయ్యేటప్పుడు కావాలంటే ఎంచుకోవచ్చు. యజమాని మొదట్లో దాన్నే ఎంచుకునేవారు, ఆపరేటర్ అసలు ఎంచుకోలేదు.

ఇప్పుడు ఎలా ఉంది, ఏం మిగిలింది

శుభలేఖలు, బిల్లు బుక్కులు పాత పద్ధతిలోనే పేజ్‌మేకర్‌లో నడుస్తున్నాయి. వాట్సాప్‌లో పంపే ఆహ్వానాలు, ఒక పేజీ కరపత్రాలు యూనికోడ్‌లోకి మారాయి. పేజీ అమరిక కాస్త ఎక్కువ కావాల్సిన వాటికి స్క్రైబస్ 1.6 అనే ఉచిత పేజీ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. అది తెలుగు ఒత్తుల్ని సరిగ్గా కూరుస్తుంది, కానీ పేజ్‌మేకర్‌కి అలవాటుపడిన చేతికి నెమ్మదిగా అనిపిస్తోంది. ఆ మాట ఆపరేటర్ నాతో అంటూనే ఉంది, కాదనలేను. పాత పీఎండీ ఫైళ్లను మొత్తంగా యూనికోడ్‌లోకి మార్చే పని నేను వద్దన్నాను. మార్పిడి టూల్స్ ఉన్నాయి కానీ వాటినుంచి వచ్చినదాన్ని అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాలి, ముఖ్యంగా ఒత్తులు, అర్ధానుస్వారాలు. మళ్లీ అడిగే అవకాశం ఉన్న పనులకు మాత్రం పీడీఎఫ్ తీసి, ఫాంట్లను అందులోనే పొదిగి దాచారు. పీడీఎఫ్‌కి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఒకటే.

ఈ కేసు తర్వాత డీటీపీ షాపుల్లో నా పని వరుస మారింది. ముందు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కీ, సీడీ ఎక్కడున్నాయో అడుగుతున్నాను. తర్వాత ఫాంట్స్ ఫోల్డర్ కాపీ. ఏ పనికి నెట్ కావాలో, దేనికి అక్కర్లేదో ఆపరేటర్‌ని అడిగి రాసుకున్నాకే ఆపరేటింగ్ సిస్టమ్ మాట. యజమానికి తెలియనిది ఆపరేటర్‌కి తెలుస్తుంది, ఆ ప్రశ్న ఆమెనే అడగాలి.

మిగిలిన బలహీనత ఒకటే, టైపింగ్ కంప్యూటర్ మదర్‌బోర్డు. అది పోతే విండోస్ లైసెన్స్ కూడా దాంతోనే పోతుంది. అన్నీ సిద్ధమయ్యాక ఆ ఎస్ఎస్‌డీ ఇమేజ్ తీసి రెండు చోట్ల పెట్టాం, ఒకటి షాపులో, ఒకటి యజమాని ఇంట్లో. అదే తరం సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి, లైసెన్స్ ఉన్నది, దొరికితే కొనిపెట్టమన్నాను. ఇంకా దొరకలేదు. 2026 అక్టోబర్ 13కి ముందే నెట్ కంప్యూటర్‌లోని పాత హార్డ్‌డిస్క్ తీసేయాలి. అప్పటికి యజమాని ఇంకా విండోస్‌లోకే వెళ్తున్నారా లేదా అన్నది చూసి, ఆయన పనులకు ఏం లోటుందో ముందు కనుక్కోవాలి.